మిషిగన్ సరస్సులో సాల్మన్, ట్రౌట్ ట్రోలింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రోలింగ్ అంటే కదిలే పడవ వెనక ఎరలను ఈడుస్తూ చేపలు పట్టడం. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, దాని మీద ఇవే సందేహాలు మళ్ళీ తలెత్తుతాయి. ఒకరికి చెప్పి ఫోను పెట్టేలోపు ఇంకొకరు అదే అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. లోతు అడుగుల్లో, వేగం గంటకు మైళ్ళలో, నీటి వేడి ఫారన్‌హీట్‌లో ఇచ్చాను. ఆ సరస్సు మీద అందరూ మాట్లాడుకునేది ఆ లెక్కల్లోనే.

## బయలుదేరే ముందు

సాల్మన్ సముద్రపు చేప కదా, మంచినీటి సరస్సులోకి ఎలా వచ్చింది?

మనుషులు తెచ్చి వదిలారు. మిషిగన్ సరస్సుకు సొంత చేప లేక్ ట్రౌట్. సముద్రం నుంచి కాలువల గుండా వచ్చిన లాంప్రే అనే రక్తం పీల్చే జీవి, మితిమీరిన వేట కలిసి 1950ల నడిమికల్లా లేక్ ట్రౌట్‌ను దాదాపు తుడిచిపెట్టేశాయి. తినే పెద్ద చేప లేకపోవడంతో, 1949లో ఈ సరస్సులో తొలిసారి కనబడిన ఏల్‌వైఫ్ అనే చిన్న వెండి చేప విపరీతంగా పెరిగింది. 1967 వేసవిలో అవి గుట్టలు గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. బీచ్‌ల మీద నిలబడలేనంత కంపు.

అంతకు ముందు ఏడాదే, 1966 వసంతంలో, మిషిగన్ రాష్ట్ర చేపల విభాగానికి అధిపతిగా ఉన్న హోవర్డ్ టానర్ ఆరెగాన్ నుంచి తెప్పించిన గుడ్లతో పెంచిన కోహో అనే రకం సాల్మన్ పిల్లలను ప్లాట్ నదిలోనూ, మానిస్టీ నదిలో కలిసే బేర్ క్రీక్‌లోనూ వదిలించాడు. 1967లో చినూక్ అనే మరో రకం సాల్మన్ కూడా వచ్చింది. ఏల్‌వైఫ్‌లను మేసి అవి చూస్తుండగానే పెరిగాయి. స్టీల్‌హెడ్ (సరస్సులో పెరిగే రెయిన్‌బో ట్రౌట్), బ్రౌన్ ట్రౌట్ అయితే పందొమ్మిదో శతాబ్దంలోనే ఈ పెద్ద సరస్సుల ప్రాంతానికి చేరాయి. ఇప్పుడు మనం పట్టే చినూక్‌లలో సగానికి పైగా నదుల్లో వాటంతట అవే పుట్టినవి.

ఏ నెలలో ఏ చేప?

ఏప్రిల్, మే నెలల్లో దక్షిణపు కొసన, అంటే ఇండియానా, ఇల్లినాయ్ తీరాల్లో, కోహోలు. అక్కడ నీళ్ళు లోతు తక్కువ, ముందుగా వేడెక్కుతాయి. పది నుంచి నలభై అడుగుల లోతులోనే దొరుకుతాయి కాబట్టి కొత్తవాళ్ళకు ఇంతకన్నా మంచి కాలం లేదు. అదే సమయంలో బ్రౌన్ ట్రౌట్ రేవు గోడల చుట్టూ, బురద నీళ్ళు కలిసేచోట తిరుగుతుంది.

జూన్‌లో కోహోలు ఉత్తరానికి జరుగుతాయి, స్టీల్‌హెడ్ తీరానికి దూరంగా పైనీళ్ళలో కనబడుతుంది. జులై, ఆగస్టు చినూక్ కాలం. దీన్నే అందరూ కింగ్ అంటారు. ఆగస్టు చివరినుంచి సెప్టెంబరు దాకా పెద్ద కింగ్‌లు పుట్టిన నది వాసన పట్టి రేవు ముఖద్వారాల దగ్గర గుమికూడతాయి. గుడ్లు పెట్టే తొందరలో ఉన్న ఆ చేపలకు ఆకలి ఉండదు, చిరాకుతో కొరుకుతాయి. లేక్ ట్రౌట్ మాత్రం సీజను పొడుగునా అడుగున ఉంటుంది, ఏమీ పడని రోజున పరువు కాపాడేది అదే.

సొంత పడవ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

చార్టర్ పడవలో, అంటే డబ్బు తీసుకుని చేపల వేటకు తీసుకెళ్ళే పడవలో, ఒక ఉదయం వెళ్ళండి. చిన్న చార్టర్లు సాధారణంగా ఆరుగురు ప్రయాణికుల దాకా తీసుకెళ్తాయి, కెప్టెన్‌కు కోస్ట్ గార్డ్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. సామాను వాళ్ళదే. మీ చేపల లైసెన్సు మాత్రం మీరే కొనుక్కోవాలి, పడవ ఎక్కేముందు ఆ మాట అడిగి తేల్చుకోండి.

వెళ్ళినప్పుడు చేప పడేదాకా ఫోను చూస్తూ కూర్చోకండి. ఏ లోతుకు ఏ లైను దింపుతున్నారు, ఎటు తిరుగుతున్నారు, తిరిగినప్పుడు ఏ రాడ్డు కొట్టింది (ఏ రాడ్డు ఎరను చేప కొరికింది), ఇవి గమనించండి. డెక్కు మీద పనిచేసే కుర్రాణ్ణి అడిగితే ఓపిగ్గా చెబుతాడు. నాలుగు గంటలు అలా చూస్తే, ఇంటి దగ్గర కూర్చుని వెతికినా దొరకని సంగతులు చాలా తెలుస్తాయి.

లైసెన్సు తీసుకున్నాను. మళ్ళీ స్టాంపు ఏమిటి?

ఈ సరస్సు చుట్టూ నాలుగు రాష్ట్రాలు: విస్కాన్సిన్, ఇల్లినాయ్, ఇండియానా, మిషిగన్. మీరు ఏ రాష్ట్రపు నీళ్ళలో ఉంటే ఆ రాష్ట్రపు నియమాలు వర్తిస్తాయి. విస్కాన్సిన్, ఇల్లినాయ్, ఇండియానాల్లో మామూలు లైసెన్సు మీద సాల్మన్, ట్రౌట్ కోసం వేరే స్టాంపు కావాలి. ఆ డబ్బు చేపపిల్లల పెంపకానికే వెళ్తుంది. మిషిగన్‌లో ఒక్క లైసెన్సే అన్ని చేపలకూ సరిపోతుంది. మనిషికి ఎన్ని రాడ్లు అన్నది కూడా చూసుకోవాలి. విస్కాన్సిన్, మిషిగన్‌లలో మూడు. రోజుకు ఎన్ని చేపలు, వాటిలో లేక్ ట్రౌట్ ఎన్ని అన్న లెక్క మారుతూ ఉంటుంది కాబట్టి ఆ ఏడాది నియమాల పుస్తకం తిరగెయ్యండి. పోయినేడు ఎవరో చెప్పిన అంకె పట్టుకుని వెళ్ళొద్దు.

పద్దెనిమిది అడుగుల పడవ చాలా? భయపడాల్సింది ఏమైనా ఉందా?

పడవ చాలు, రోజును ఎంచుకోవడం రావాలి. ఈ సరస్సు ఉత్తర దక్షిణాలుగా 307 మైళ్ళు. ఉత్తరగాలి రెండు రోజులు వీచిందంటే అంత పొడుగునా పెరిగిన అలలు దక్షిణపు కొసకు వచ్చి పడతాయి. సముద్రపు అలల్లా ఎడంగా రావు, దగ్గర దగ్గరగా, నిటారుగా, ఒకదాని నెత్తిన ఒకటి వస్తాయి. చిన్న పడవకు ఇదే ముప్పు. జాతీయ వాతావరణ శాఖ తీరప్రాంత సూచన రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడండి. 45007 సంఖ్య గల తేలుబోయ దక్షిణ భాగంలో అల ఎంత ఎత్తున ఉందో చెబుతుంది. చలికాలంలో దాన్ని తీసేస్తారు.

అసలు భయపడాల్సింది చన్నీళ్ళకు. ఏప్రిల్‌లో నీళ్ళు నలభై డిగ్రీల దగ్గర ఉంటాయి. పడితే ఏమవుతుందో గుర్తుపెట్టుకోవడానికి ఒకటి, పది, ఒకటి అనే లెక్క ఉంది: ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులు మాట వినేది పది నిమిషాలు, స్పృహ పోవడానికి సుమారు ఒక గంట. ఆ పది నిమిషాల్లో లైఫ్ జాకెట్ కోసం వెతుక్కోవడం కుదరని పని, ముందే తొడుక్కుని ఉండాలి. ఈతగాడినన్న ధైర్యం ఇక్కడ అక్కరకు రాదు. వీహెచ్‌ఎఫ్ అనే పడవ రేడియో ఉంటే ఆపదలో పిలిచే 16వ చానెల్ పెట్టి ఉంచండి, తీరానికి కొన్ని మైళ్ళు దాటాక ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేం.

## చేపను వెతకడం

ఇంత పెద్ద నీళ్ళలో చేప ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

చేపను కాదు, చల్లదనాన్ని వెతకండి. ఎవరేం చెప్పినా నేను మొదట అడిగేది ఒకటే: ఎర ఉన్నచోట నీటి వేడి ఎంత?

నీళ్ళు అన్నిటికన్నా బరువుగా ఉండేది 39 డిగ్రీల దగ్గర. చలికాలం అయ్యాక సరస్సు మొత్తం ఇంచుమించు ఆ వేడిలోనే ఉంటుంది కాబట్టి ఏప్రిల్‌లో పైనా కిందా ఒకటే. అప్పుడు ఒడ్డున రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉన్న నీళ్ళే బంగారం: నది కలిసే చోటు, రేవు గోడ పక్కన ఎండ తగిలే చోటు, బురదరంగు నీళ్ళూ తేట నీళ్ళూ కలిసే గీత.

జూన్ దాటాక కథ మారుతుంది. ఎండకు పైనీళ్ళు వేడెక్కి తేలికై పైనే నిలిచిపోతాయి, చన్నీళ్ళు కిందే ఉంటాయి. రెండింటి నడుమ కొద్ది అడుగుల మందాన వేడి ఒక్కసారిగా పడిపోయే పొర ఏర్పడుతుంది. దాన్ని థర్మోక్లైన్ అంటారు. పైన డెబ్బై డిగ్రీలు, కాస్త కిందికి వెళ్తే యాభై. కింగ్ ఇష్టపడేది సుమారు 48 నుంచి 55. కోహోకు దాదాపు అంతే, కొంచెం వెచ్చన. స్టీల్‌హెడ్ 55 నుంచి 62 దాకా, అంటే ఆ పొరకు పైన. బ్రౌన్ ట్రౌట్ అరవై దగ్గరైనా ఒడ్డును వదలదు. లేక్ ట్రౌట్ 45, 50 మధ్య, అడుగును ఆనుకుని.

ఇప్పుడు ఇంత పెద్ద సరస్సు ఒక దుప్పటి మందానికి తగ్గిపోయిందా? ఉదాహరణకు ఆ 52 డిగ్రీల పొర అరవై అడుగుల లోతున ఉందనుకోండి. అరవై అడుగుల దగ్గర ఆ పొర అడుగునేలను తాకే గీత ఒకటి ఉంటుంది. అక్కడ ఏల్‌వైఫ్ మందలు చేరతాయి, వాటి వెనక కింగ్‌లు. అక్కడ మొదలుపెట్టి లోతుకు వెళ్తూ వెతకండి.

నిన్న పది పడిన చోట ఇవాళ ఒక్కటీ లేదేం?

రాత్రి గాలి మారి ఉంటుంది. ఒడ్డునుంచి సరస్సు మీదికి గట్టిగా గాలి వీస్తే వెచ్చని పైనీళ్ళను లోపలికి తోసేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చన్నీళ్ళు పైకొస్తాయి. నిన్న డెబ్బై అడుగుల కింద ఉన్న 50 డిగ్రీల నీళ్ళు ఇవాళ ఇరవై అడుగుల్లో ఉండొచ్చు. మీరు నిన్నటి లోతుకే దింపుతుంటే 42 డిగ్రీల నీళ్ళలో ఎరను ఈడుస్తున్నట్టు. విస్కాన్సిన్ వైపు పడమటి గాలికి ఇలా అవుతుంటుంది, అప్పుడు బీచ్‌లో కాలు పెట్టినా జిల్లుమంటుంది. అదే గాలి ఎదుటి ఒడ్డుకు వెచ్చని నీళ్ళను పోగేసి చల్లని పొరను లోతుకు నొక్కేస్తుంది.

కాబట్టి నిన్నటి జీపీఎస్ గుర్తు దగ్గరికి పరుగెత్తకుండా, నిన్నటి వేడి ఇవాళ ఏ లోతున ఉందో కొలవండి. చేప ఊరు మారలేదు, అంతస్తు మారింది.

సోనార్ (నీళ్ళ కింద ఏముందో ధ్వనితో చూపే పరికరం) తెర మీద చేపలు కుప్పలుగా ఉన్నాయి, ఒక్కటీ కొరకదు. ఏం చేయను?

పడవ తిప్పండి. తిన్నగా ఒకే వేగంతో పోయే ఎర వెనక చేప మైలు దూరం వచ్చి కూడా ఊరుకుంటుంది. పడవ మెల్లగా ఒకవైపు వంపు తిరిగితే బయటివైపు లైన్లు వేగం అందుకుంటాయి, లోపలివైపువి నెమ్మదించి కొద్దిగా దిగుతాయి. ఆ మార్పుకే కొరుకుతాయి. బయటి రాడ్డు కొట్టిందా, మీరు నెమ్మదిగా పోతున్నారన్నమాట, కాస్త పెంచండి. లోపలిది కొట్టిందా, తగ్గించండి. ఇంత చౌకగా వేగం నేర్పే గురువు ఇంకొకటి లేదు.

తిప్పినా లాభం లేకపోతే అప్పుడు ఎర మార్చండి, అదీ ఒకసారికి ఒక్కటే. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలిసేదెలా?

## లైన్లు దింపడం

ఎంత వేగం?

కింగ్‌కు 2.2 నుంచి 2.8, స్టీల్‌హెడ్‌కు 3 దాకా, వసంతంలో కోహోకు 2 నుంచి 2.5, లేక్ ట్రౌట్‌కు 2 అటూ ఇటూ. కానీ జీపీఎస్ చూపించేది పడవ నేల మీద పోయే వేగం. ఎనభై అడుగుల కింద ప్రవాహం వేరు. పైన 2.4 కనబడుతుంటే కింద ఎర 1.5తోనో 3.3తోనో పోతుండొచ్చు. ఉత్తరానికి పోతే చేపలు పడి, దక్షిణానికి తిరగ్గానే ఆగిపోయాయంటే కారణం సాధారణంగా ఇదే.

డౌన్‌రిగ్గర్ అంటే ఎరను గుండు బరువుతో లోతుకు దింపే పరికరం, కింది ప్రశ్నలో వివరించాను. ఆ గుండు దగ్గర వేగం, వేడి రెండూ కొలిచి చెప్పే ప్రోబ్ అనే పరికరం ఉంటే కొనండి. కొత్త రాడ్డు, ఇరవై కొత్త స్పూన్లు (చెంచాలా వంగిన లోహపు ఎరలు) కొనేముందు కొనాల్సింది అదే అని నా పట్టుదల. లేకపోతే డౌన్‌రిగ్గర్ కేబుల్ వాలు చూడండి. చేప పడినప్పుడు కేబుల్ ఎంత వాలి ఉందో గుర్తుపెట్టుకుని, ఏ దిక్కుకు తిరిగినా ఆ వాలే వచ్చేలా ఇంజను సర్దుకోండి.

డౌన్‌రిగ్గర్‌లో 100 అడుగులు అని చూపిస్తే ఎర 100 అడుగుల్లో ఉన్నట్టేనా?

కాదు. ఆ అంకె వదిలిన కేబుల్ పొడుగు. డౌన్‌రిగ్గర్ అంటే చిన్న గిలక, ఒక కేబుల్, కొసన పది నుంచి పదిహేను పౌన్ల గుండు. మీ లైనును గుండు దగ్గర ఒక క్లిప్పుకు తగిలిస్తారు. చేప లాగగానే క్లిప్పు వదిలేస్తుంది, ఆ తరవాత చేపకూ మీకూ మధ్య బరువేమీ ఉండదు. దీని అందమంతా అక్కడే.

అయితే పడవ పోతుంటే గుండు వెనక్కి ఈడ్చుకుపోతుంది. కేబుల్ నిటారు నుంచి 30 డిగ్రీలు వాలితే 100 అడుగుల కేబుల్‌కు లోతు సుమారు 87. నలభై అయిదు డిగ్రీలు వాలితే 70 మాత్రమే. లోతుకు వెళ్ళేకొద్దీ బరువైన గుండు వాడమనేది ఇందుకే. సోనార్ సర్దుబాటు సరిగా ఉంటే గుండే తెర మీద గీతలా కనబడుతుంది, ఆ లోతును నమ్మండి.

గుండుకు ఎర ఎంత వెనక ఉండాలి?

ఏప్రిల్‌లో, తేటనీళ్ళలో, పైపైన ఉన్న చేపకు డెబ్బై నుంచి వంద అడుగులు. పడవ చప్పుడుకు అవి బెదురుతాయి. వేసవిలో వంద అడుగుల కింద పది, ఇరవై అడుగులు చాలు. ఎర ముందు ఫ్లాషర్ అనే మెరిసే పలక పెడితే పదిహేను ఇరవై. మరీ పొడుగు వదిలితే మలుపుల్లో పక్క లైనుతో చుట్టుకుంటుంది.

డౌన్‌రిగ్గర్ కొనే స్తోమత లేదు. లోతుకు ఎలా పంపాలి?

మూడు దారులున్నాయి. మొదటిది డైవర్: లైనుకు కట్టే గుండ్రటి ప్లాస్టిక్ పలక. నీళ్ళు తోసే బలానికి కిందికి దిగుతుంది. అడుగున ఉన్న అంకెల చక్రం సున్నా మీద పెడితే తిన్నగా లోతుకు, 3 మీద పెడితే పక్కకు ఎక్కువ జరిగి లోతు తక్కువ వెళ్తుంది. ఎడమ రాడ్డుకు ఎడమవైపు, కుడికి కుడివైపు తిప్పుకోవాలి. దీనికి సాగని అల్లిక లైను కట్టండి. నైలాను లైను సాగిపోయి, కిందున్న డైవర్‌ను విప్పడమే కష్టమవుతుంది.

రెండోది లెడ్‌కోర్, అంటే లోపల సీసపు తీగ ఉన్న లైను. పది గజాలకు ఒక రంగు మారుతుంది, ఒక్కో రంగుకు సుమారు అయిదు అడుగులు దిగుతుంది. అయిదు రంగులు వదిలితే పాతిక అడుగులు. వేగం పెంచితే పైకి లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. మూడోది రాగి తీగ: వంద అడుగులు వదిలితే ఇరవై పైచిలుకు దిగుతుంది. రీలు పెద్దది కావాలి, చెయ్యి నొప్పి ఉచితం.

కొత్తవాళ్ళకు నా సలహా రెండు డైవర్లు. తక్కువ ఖర్చు, చేపలు బాగా పడతాయి.

ఆరు రాడ్లు వేస్తే చిక్కుపడవా?

లోతైనవి లోపల, పైపైనవి బయట అన్న సూత్రం పాటిస్తే పడవు. ఇద్దరు మనుషులకు నేను వేసేది ఇది: వెనక మధ్యలో రెండు డౌన్‌రిగ్గర్లు, పక్కల రెండు డైవర్లు, అన్నిటికన్నా బయట ప్లేనర్ బోర్డుల మీద రెండు లెడ్‌కోర్‌లు. ప్లేనర్ బోర్డు అంటే లైనుకు తగిలించే తేలే చెక్క. పడవ నుంచి పక్కకు జరిగి పోతూ లైనును పడవ దారికి ఎడంగా మోస్తుంది. బయటి లైన్లు ముందు దింపి, తరవాత లోపలివి దింపాలి.

మలుపు ఎంత పెద్దదైతే అంత మంచిది. ఒకసారి ఎదురుగా వస్తున్న పడవను చూసి కంగారులో చక్రం తిప్పేశాను. రాగి తీగ, రెండు డైవర్లు, ఒక డౌన్‌రిగ్గర్ కలిసి పక్షిగూడైపోయాయి. కత్తితో తప్ప విడిపడలేదు, ఉదయం మొత్తం పోయింది.

స్పూనా, ఫ్లాషరా? ఏ రంగు?

ముందు వేడి, తరవాత లోతు, వేగం. రంగు అన్నిటికన్నా చివర. అడిగేవాళ్ళంతా మాత్రం రంగుతోనే మొదలుపెడతారు.

స్పూను ఎక్కువ నీళ్ళను వెతకడానికి మంచిది, వేగం కాస్త అటూ ఇటూ అయినా పనిచేస్తుంది. ఫ్లాషర్ ఒక మెరిసే పలక, నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది. డాడ్జర్ తిరగదు, అటూ ఇటూ ఊగుతుంది. రెండింటికీ వెనక కొద్ది దూరంలో ఈకలతోనో కుచ్చుతోనో చేసిన ఫ్లై కడతారు. ఆ కుచ్చుకు సొంత కదలిక లేదు, పలక విసిరితేనే ఆడుతుంది. అందుకే నడుమ దారం పొడుగు కీలకం. పెద్ద ఫ్లాషర్ వెనక ఇరవై నుంచి ఇరవై ఎనిమిది అంగుళాలు, డాడ్జర్‌కు అంతకన్నా పొట్టి. దారం పొడుగైతే ఫ్లై చచ్చినట్టు వెనకే వస్తుంది.

రంగు సంగతి: నీళ్ళలో ఎరుపు మొదటి కొన్ని పదుల అడుగుల్లోనే వెలిసి నల్లబడుతుంది, ఆకుపచ్చ, నీలం లోతుకు నిలుస్తాయి. అందుకే పైపైన తిరిగే వసంతపు కోహోకు ఎరుపు, నారింజ బాగా పనిచేస్తాయి, లోతున కింగ్‌కు ఆకుపచ్చ, నీలం, తెలుపు. తెల్లవారకముందు చీకట్లో మెరిసే పూత ఉన్నవి దింపండి. సూర్యుడు రావడానికి ముందూ వెనకా గంట కింగ్‌కు రాహుకాలం, మనకు అమృత ఘడియ.

లైను మీద దూదిలా అంటుకున్న జిగురేమిటి?

చెత్త కాదు, ప్రాణులు. ముల్లు తోక ఉన్న నీటిపురుగు. 1980ల్లో ఓడల్లోని నీళ్ళతో పాటు ఐరోపా వైపు నుంచి వచ్చిన రకం. ముళ్ళతో లైనుకు గుత్తులుగా తగులుకుని రాడ్డు కొసన కన్నంలో ఇరుక్కుంటుంది. చేప దగ్గరికి వచ్చాక లైను లోపలికి రాకుండా ఆగిపోతే ఎంత బాధో! సన్న లైనుకు ఎక్కువ పడతాయి, కాబట్టి ఆగస్టులో లావు నైలాను వాడండి, మధ్యమధ్య వేళ్ళతో గీకేయండి.

## చేప పడ్డాక

రాడ్డు వంగిపోయింది! పడవ ఆపేయాలా?

ఆపకండి. ఆపితే మిగతా లైన్లన్నీ కిందికి కూలి ఒకదానికొకటి చుట్టుకుంటాయి, చేప నోట్లో గాలం వదులవుతుంది. వేగం కొద్దిగా తగ్గించి తిన్నగా పోతూ ఉండండి. చేప పరుగు తీస్తుంటే రీలు తిప్పొద్దు, దాన్ని పోనివ్వండి. పెద్ద కింగ్ మొదటి పరుగులోనే వంద గజాలు లాక్కుపోతుంది. రీలు బ్రేకు ముందే వదులుగా పెట్టుకుని ఉండాలి, చేప మీద ఉన్నప్పుడు బిగించబోతే దారం తెగేది అప్పుడే.

పడవ దగ్గర వల నీళ్ళలో కదలకుండా పట్టుకుని చేపను తలవైపు నుంచి దాని మీదికి నడిపించండి. తోక వెనక వల పెట్టి తరిమితే ఒక్క ఎగురుతో పోతుంది.

కోహో ఏది, చినూక్ ఏది, స్టీల్‌హెడ్ ఏది?

నోరు తెరిచి చూడండి. కింది చిగురు నల్లగా ఉండి, తోక పైనా కిందా చుక్కలుంటే చినూక్. నోరు నల్లగా ఉన్నా పళ్ళు మొలిచిన చిగురు గీత తెల్లగానో బూడిదరంగుగానో ఉండి, చుక్కలు తోక పైభాగంలోనే ఉంటే కోహో. నోరంతా తెల్లగా ఉండి, తోక నిండా చుక్కలు గీతల్లా విప్పారి ఉంటే స్టీల్‌హెడ్. ముదురు ఒంటి మీద లేత చుక్కలు, లోతుగా చీలిన తోక, కింది వాజాలకు తెల్లని అంచు ఉంటే లేక్ ట్రౌట్. లేతరంగు మీద నల్ల చుక్కలు, తోక చివర సమంగా ఉంటే బ్రౌన్. గుర్తుపట్టడం సరదా కోసం కాదు, రోజువారీ పరిమితి జాతిని బట్టి ఉంటుంది.

వదిలేసిన చేప బతుకుతుందా?

వసంతంలో ఎక్కువగా బతుకుతుంది. ఆగస్టులో యాభై డిగ్రీల నీళ్ళనుంచి డెబ్బై డిగ్రీల పైనీళ్ళకు లాగి, పది నిమిషాలు పోరాడించి, పడవలో ఫొటోలు తీసి వదిలితే కింగ్ బతికే ఆశ తక్కువ. అలాంటి రోజున కావలసినన్ని పట్టుకుని ఆపేయడం మేలు. లేక్ ట్రౌట్ కాస్త గట్టిది. ఈ జాతి చేపలకు గాలితిత్తి నుంచి గొంతుకు దారి ఉంటుంది కాబట్టి పైకి వస్తూ గాలిని వదిలేయగలవు. మెల్లగా పైకి తెచ్చి, వీలైతే నీళ్ళలో ఉండగానే గాలం తీసి, తల కిందికి పెట్టి వదలండి.

## ఒడ్డుకు వచ్చాక

ఈ సరస్సు చేప తినొచ్చా? ఏవో రసాయనాలున్నాయంటారే?

తినొచ్చు, లెక్క చూసుకుని. పీసీబీలు అనే రసాయనాల తయారీని అమెరికాలో 1979లో నిషేధించారు, కానీ అవి త్వరగా నశించవు, చేప కొవ్వులో పేరుకుంటాయి. వయసు, పరిమాణం పెరిగేకొద్దీ ఎక్కువ. కాబట్టి చిన్న కోహో మేలు, ముసలి లేక్ ట్రౌట్‌తో జాగ్రత్త. ఏ చేప నెలకు ఎన్నిసార్లు తినొచ్చో ప్రతి రాష్ట్రమూ సూచిస్తుంది. గర్భిణులకు, పిల్లలకు ఆ లెక్క వేరు, తప్పక చూడండి.

తోలు తీసేయండి. పొట్ట అంచున, వీపు పైన ఉన్న కొవ్వు, పక్కన పొడుగునా ఉండే ముదురు కండ కోసేయండి. కొవ్వు కారిపోయేలా కమ్మీల మీద కాల్చడం మంచిది. పులుసు పెడితే కరిగిన కొవ్వంతా పులుసులోనే ఉండిపోతుంది, అది గమనించండి. పాదరసం మాత్రం కండలో ఉంటుంది, ఎంత కోసినా పోదు.

కింగ్‌లు తగ్గిపోయాయంటారు, నిజమేనా? ఎందుకు ఎక్కువ పిల్లల్ని వదలరు?

మేత లేకుండా పిల్లల్ని వదిలితే ఏమవుతుందో పక్క సరస్సు చూపించింది. హ్యూరాన్ సరస్సులో 2003, 2004 ప్రాంతంలో ఏల్‌వైఫ్ కుప్పకూలింది, వెంటనే చినూక్ కూడా. క్వాగ్గా ఆల్చిప్పలు సరస్సు అడుగంతా పరుచుకుని నీళ్ళలోని సూక్ష్మజీవులను వడకట్టి తినేస్తున్నాయి, ఏల్‌వైఫ్‌కు మిగిలేది తక్కువ. నీళ్ళు తేటగా కనబడటానికీ కారణం అదే. మిషిగన్ సరస్సులో వదిలే చినూక్ పిల్లల సంఖ్యను ఇందుకే తగ్గించారు. రేవుల్లో దీని మీద వాదనలు ఆగవు. తగ్గించడమే సరైన పని అని నాకు అనిపిస్తుంది, దొరికే చేప బొద్దుగా ఉంటే చాలు.

పడవను రేవులోనే ఎందుకు ఖాళీ చేయమంటారు?

చేపల పెట్టెలో, పడవ అడుగున మిగిలిన నీళ్ళలో ఆల్చిప్ప పిల్లలు కంటికి కనబడవు. ఆ నీళ్ళతో ఇంకో చెరువులో పడవ దింపితే అక్కడికీ అవే చేరతాయి. అందుకే బిరడాలన్నీ తీసి నీళ్ళు కార్చేసి, నాచు దులిపి, ఆరబెట్టండి. నీళ్ళు కార్చకుండా రోడ్డెక్కితే జరిమానా కూడా పడొచ్చు.

మా చేపకు తోక ముందర ఉండాల్సిన చిన్న వాజం లేదు. జబ్బా?

జబ్బు కాదు, గుర్తు. వీపు చివర, తోకకు ముందు ఉండే కండ వాజాన్ని పిల్లగా ఉన్నప్పుడే పెంపకకేంద్రంలో కత్తిరిస్తారు. అలాంటి చేపల్లో చాలావాటి ముక్కులో మిల్లీమీటరు పొడుగున్న సన్నని తీగముక్క ఉంటుంది, దాని మీద అంకెలు చెక్కి ఉంటాయి. ఎక్కడ పెంచారు, ఏ ఏడు, ఏ నదిలో వదిలారు అన్నది ఆ అంకెలు చెబుతాయి. రేవులో చేపల లెక్కలు తీసే ఉద్యోగులు కనబడితే చేపను చూపించండి, వాళ్ళ దగ్గర తీగను పసిగట్టే కర్ర ఉంటుంది. వాళ్ళు లేకపోతే కళ్ళ వెనక నుంచి తల కోసి సంచిలో వేసి, పట్టిన తేదీ, చోటు, చేప పొడుగు, బరువు చీటీ మీద రాసి అందులో పెట్టండి. కొన్ని రేవుల్లో ఈ తలలు వేయడానికే ఫ్రీజర్లు పెట్టి ఉంటాయి.